పోస్టు రద్దయింది, నేరం ఎక్కడికి పోయింది?

తప్పు చేసిన ఉద్యోగిని ఏం చెయ్యాలి? ఈ ప్రశ్నకి మన రెవెన్యూ శాఖలో రెండు ప్రభుత్వాలు రెండు జవాబులు చెప్పాయి. 2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం గ్రామ రెవెన్యూ అధికారి అనే పోస్టునే రద్దు చేస్తూ చట్టం చేసింది. 2025 సెప్టెంబరు 5న ఇంకో ప్రభుత్వం, పాత వీఆర్వోల్లోంచీ వీఆర్ఏల్లోంచీ ఎంపిక చేసిన అయిదు వేలమందికి పైగా 'గ్రామ పాలన అధికారి' అన్న కొత్త పేరుతో నియామక పత్రాలిచ్చింది. పంపించినప్పుడు ఎవరు నిజాయితీపరులో ఎవరు కాదో విడదీయలేదు. తిరిగి తెచ్చుకున్నప్పుడు ప్రకటించిన అర్హతలు చదువు, సర్వీసు, ఒక రాత పరీక్ష. ఈ రెండు తేదీల నడుమ పత్రికల్లో బోలెడు చర్చ జరిగింది. రైతుల గురించి మాట్లాడారు, ఉద్యోగ సంఘాల గురించి మాట్లాడారు, ధరణి గురించి అందరూ మాట్లాడారు. ఆ కుర్చీ ముందు నిలబడ్డ ఆడవాళ్ల సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

వికారాబాద్ జిల్లాలో కోట్‌పల్లి నుంచి తాండూరు దాకా ఉన్న ఊళ్లలో స్త్రీల పేరున భూమి ఎట్లా వస్తుంది, ఎట్లా పోతుంది అనే విషయం మీద నేను కొన్నేళ్లుగా పని చేస్తున్నాను. ఇక్కడ వీఆర్వోని ఇప్పటికీ 'పట్వారి' అనే అంటారు. పటేల్, పట్వారీ వ్యవస్థ 1984లో పోయింది. నలభై ఏళ్లు దాటినా పేరు పోలేదు. ఎందుకు పోలేదో ఆలోచించవలసిన విషయమే. మనిషి మారాడు, కులం కొంత మారింది, జీతం వచ్చింది, పరీక్ష వచ్చింది. కాగితం కోసం వచ్చిన మనిషి నిలబడాలి, కాగితం ఉన్న మనిషి కూర్చోవాలి అన్న ఏర్పాటు మటుకు అట్లాగే ఉంది. ఊరి భాష ఈ ఏర్పాటును గుర్తుపట్టింది కనకే పేరు మార్చుకోలేదు.

అసలు ఈ శాఖ పుట్టిందే శిస్తు వసూలు కోసం. కలెక్టరంటే వసూలు చేసేవాడు. తహసీల్దారన్నా అదే అర్థం, భాష మాత్రం వేరు. శిస్తు ప్రాముఖ్యం తగ్గిపోయాక కూడా శాఖ అధికారం తగ్గలేదు, వేరే చోట్లకి పాకింది. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, విరాసత్, కల్యాణలక్ష్మి విచారణ ఇవన్నీ ఆ గుమ్మంలోంచే నడిచాయి. వీటిలో సగానికి పైగా ఆడవాళ్లకి అవసరమైనవే. మొగుడు చచ్చిపోయిన మనిషి విరాసత్ కోసం వెళ్లాలి. కూతురి పెళ్లి చేసిన తల్లి కల్యాణలక్ష్మి కోసం వెళ్లాలి. 2017 జూన్ నుంచి ఒంటరి మహిళలకు పింఛను ఇస్తున్నారు. మంచి పథకమే, మన సంఘాలు అడిగినదే. కాని ఒక ఆడమనిషి నిజంగా ఒంటరిదా కాదా అని తేల్చే విచారణ ఊళ్లో చిన్న ఉద్యోగుల చేతిలో పడింది. మొగుడు వదిలేసి ఎన్నాళ్లయింది, రాత్రిళ్లు ఎవరైనా వస్తారా, ఎవరితో మాట్లాడుతున్నావు అని అడిగే హక్కు ప్రభుత్వమే వాళ్లకి ఇచ్చినట్టయింది. ఈ ప్రశ్నలు దరఖాస్తు ఫారంలో ఉండవు. కుర్చీలో కూర్చున్న మగవాడి నోట్లో ఉంటాయి.

ఇప్పుడు 2020 చట్టం దగ్గరికి వద్దాం. దానికి ముందు ఏడాది వాతావరణం గుర్తు చేసుకోవాలి. 2019 నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు విజయారెడ్డిని ఆమె ఆఫీసులోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. ఆమెను కాపాడబోయిన డ్రైవరు కూడా చనిపోయాడు. రెవెన్యూ శాఖ మీద జనానికి ఎంత కోపమైనా ఉండవచ్చు. ఒక స్త్రీని సజీవంగా దహనం చెయ్యటాన్ని ఆ కోపం కింద జమ కట్టటం మాత్రం అన్యాయం. అప్పట్లో కొందరు అట్లా జమ కట్టారు కూడా. తర్వాత 2020 ఆగస్టులో కీసర తహసీల్దారు కోటీ పది లక్షల రూపాయలతో ఏసీబీకి పట్టుబడ్డాడు. దేశమంతా చెప్పుకున్న కేసు అది.

మూడు వారాలు గడిచాయి. సెప్టెంబరు 7న వీఆర్వోల దగ్గరున్న రికార్డులన్నీ ఆ మధ్యాహ్నంలోగా స్వాధీనం చేసుకొమ్మని కలెక్టర్లకు ఆదేశాలొచ్చాయి. 9న శాసనసభలో బిల్లు పెట్టారు, 11న ఆమోదించారు, 14న మండలి కూడా సరేనంది. దీని తర్కం చూడండి. పట్టుబడినవాడు తహసీల్దారు. పోయింది వీఆర్వో పోస్టు. అదే సభలో అదే వారం తెచ్చిన పట్టాదారు పాసు పుస్తకాల చట్టం తహసీల్దారుకి రిజిస్ట్రేషను అధికారాన్ని కూడా చేర్చి ఇచ్చింది. మెట్టు మీద ఉన్నవాడు దొంగతనం చేస్తే మెట్టు కింద ఉన్నవాడిని ఇంట్లోంచి వెళ్లగొట్టి, పైవాడికి రెండో తాళంచెవి ఇచ్చారు. వీఆర్వోల్లో లంచగొండులు లేరని నేననటం లేదు. ఉన్నారు, చాలామంది ఉన్నారు, ఏసీబీ కేసులే ఇందుకు సాక్ష్యం. నా ప్రశ్న వేరు. ఆ లంచగొండులకి ఏం శిక్ష పడింది?

పడలేదు, పడటానికి వీలు లేకుండా చేసింది ఈ పద్ధతే. రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం ప్రభుత్వోద్యోగిని తొలగించాలంటే అభియోగం చెప్పాలి, విచారణ జరపాలి, అతని మాట వినాలి. పోస్టునే రద్దు చేస్తే ఇవేవీ అక్కర్లేదు. తమిళనాడులో 1980లో గ్రామాధికారుల పోస్టులు తీసేసినప్పుడు, 1982లో కె. రాజేంద్రన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది: పోస్టు రద్దు శిక్ష కాదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో ఆర్డినెన్సు తెచ్చి పటేల్, పట్వారీ, కరణం, మునసబు పోస్టులు రద్దు చేసినప్పుడు కూడా 1985లో టి. వెంకటరెడ్డి కేసులో అదే దారిలో తీర్పు వచ్చింది. చట్టపరంగా ఇది సరే. శిక్ష కాకపోతే నేరమూ లేదు, నేరస్తుడూ లేడు, బాధితురాలూ లేదు. నలుగురు నీతిగా పనిచేసినవాళ్లకీ, నలుగురు ఊరిని దోచుకున్నవాళ్లకీ ఒకే మచ్చ అంటింది. గుంపులో నిలబడితే మచ్చ కూడా తేలిగ్గానే ఉంటుంది.

1984 రద్దుని నేను సమర్థిస్తాను. ఎందుకంటే అక్కడ కొట్టింది వారసత్వాన్ని. తాతకి ఉన్న దస్తరం మనవడికి రావటం ఎంత అన్యాయమో సుప్రీంకోర్టు 1960లోనే గాజుల దశరథరామారావు కేసులో చెప్పింది. ఒక కులం, ఒక ఇల్లు ఊరి భూమి లెక్కలన్నీ చంకలో పెట్టుకుని తిరగటం అనే వ్యవస్థని తీసెయ్యాలంటే పోస్టును తియ్యక తప్పదు. 2020లో తీసింది అట్లాంటి వ్యవస్థను కాదు. ఇది అవినీతి ఆరోపణ. ఆరోపణ మనుషుల మీద ఉంటుంది, దాన్ని మనుషుల మీదే తేల్చాలి.

తేల్చలేదు కాబట్టి ఏం జరిగిందంటే, రెండేళ్లు వాళ్లకి పని చెప్పకుండా కూర్చోబెట్టి, 2022లో లాటరీ తీసి వేరే శాఖల్లోకి పంపారు. లాటరీ! ఊరి ఆడవాళ్లని ఏడిపించిన మనిషి ఉన్నాడనుకోండి, చీటీలో ఏ శాఖ వస్తే ఆ శాఖకి వెళ్లాడు. అక్కడ పనిచేసే ఆడవాళ్లకి అతని గురించి ఏం తెలుస్తుంది?

వీఆర్ఏల కథ ఇంకా దుర్మార్గం. మస్కూరీలు, నీరడులు, కావలికార్లు అని రకరకాల పేర్లతో తరతరాలుగా ఊరి చాకిరీ చేసిన కుటుంబాలివి. ఎక్కువమంది దళితులు, వెనకబడిన కులాలవాళ్లు. వీళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు అధికారుల ఇళ్లల్లో ఊడ్చారు, గిన్నెలు కడిగారు. దానికి ఏ రిజిస్టరులోనూ పేరు లేదు. పేస్కేలు ఇస్తామని 2020 సెప్టెంబరులో సభలోనే మాట ఇచ్చి మరిచిపోతే, 2022 జులై 25 నుంచి సుమారు ఎనభై రోజులు సమ్మె చేశారు. 2023లో ఇరవై వేల అయిదొందల పైచిలుకు మందిని వేర్వేరు శాఖల్లో సర్దుతామన్నారు. ఏడో తరగతి చదివినవాళ్లు ఒక మెట్టు, పదో తరగతివాళ్లు ఇంకో మెట్టు, ఇంటరూ డిగ్రీ అయినవాళ్లు పైమెట్టు. అవినీతి పేరుతో మొదలైన సంస్కరణ వీళ్ల దగ్గరికి వచ్చేసరికి చదువు కొలతగా మారిపోయింది. చదువుకోనివ్వని కులాలని చదువుతో కొలవటం మనకి కొత్త కాదనుకోండి.

2025లో గ్రామ పాలన అధికారులని తీసుకునేటప్పుడూ ఇదే కొలత. డిగ్రీ, లేకపోతే ఇంటరుతో పాటు వీఆర్వోగానో వీఆర్ఏగానో అయిదేళ్ల సర్వీసు. మే 25న ఒక పరీక్ష, మిగిలినవాళ్లకి తర్వాత ఇంకోటి. ఏసీబీ కేసుల్లో ఉన్నవాళ్లని ఫైళ్లు చూసి పక్కన పెట్టి ఉండవచ్చు. కాని అట్లా పక్కన పెట్టిన సంగతి ఊరికి చెప్పే ఏర్పాటు లేదు, పెట్టకపోతే అడిగే ఏర్పాటు అసలే లేదు. రాత పరీక్షలో భూభారతి చట్టం గురించి అడగవచ్చు. విరాసత్ కోసం వచ్చిన విధవరాలిని పొద్దుందాకా ఎండలో కూర్చోబెట్టావా అని ఏ పరీక్ష అడుగుతుంది?

ఇదే సమస్య ఇంకో దేశంలో ఎట్లా తేల్చారో చెప్పటం ఉపయోగం. అమెరికాలో ఆదాయపు పన్ను వసూలు చేసే సంస్థ తన పాత ఉద్యోగులని మళ్లీ తీసుకుంటుంటుంది. 2010 నుంచి 2013 దాకా అట్లా తీసుకున్న ఏడు వేల పైచిలుకు మందిలో 824 మంది మీద అంతకుముందు ప్రవర్తనకో పనితీరుకో సంబంధించిన ఫిర్యాదులు రుజువైనవో, తేలకుండా ఉన్నవో ఉన్నాయని పర్యవేక్షక కార్యాలయం బయటపెట్టింది. వాళ్లలో పన్నులు ఎగ్గొట్టినవాళ్లు కూడా ఉన్నారు. దాని మీద గొడవ జరిగి, దుష్ప్రవర్తన కారణంగా తొలగించిన ఉద్యోగిని ఆ సంస్థ మళ్లీ తీసుకోకూడదని 2019లో చట్టంలో రాశారు. అమెరికా మనకి ఆదర్శమని చెప్పటం లేదు. ఆ చట్టంలో కూడా పెద్ద లోపం ఉంది: తొలగించకముందే రాజీనామా చేసి వెళ్లినవాడు 'తొలగించబడినవాడు' కాడు. కాని అక్కడ ప్రశ్న సరిగ్గా వేశారు. ఎవరు, ఏం చేసి, ఎందుకు వెళ్లారు? మన దగ్గర ఈ ప్రశ్న వెయ్యటానికి పనికొచ్చే ఫైలే తయారు కాలేదు.

మన దేశంలో పెద్ద అధికారుల విషయంలోనూ ఇంతే. 2019 జూన్‌లో ఆదాయపు పన్ను శాఖ నుంచి పన్నెండు మంది సీనియర్ అధికారులని నిర్బంధ పదవీ విరమణ చేయించారు. వాళ్లలో ఒకరి మీద ఉన్న ఆరోపణ, తన శాఖలోని ఇద్దరు మహిళా అధికారులని లైంగికంగా వేధించాడని. పత్రికలు చప్పట్లు కొట్టాయి. కాని నిర్బంధ విరమణ కూడా చట్టం దృష్టిలో శిక్ష కాదు, పింఛను ఆగదు. ఆ ఇద్దరు స్త్రీలకి 'మీరు చెప్పింది నిజం' అని ఆ ఉత్తర్వు చెప్పదు. 'అది అబద్ధం' అని ఆ అధికారికీ చెప్పదు. ప్రభుత్వం ఇబ్బంది వదిలించుకుంది, అంతే.

ఇక్కడ నీతి అనే మాట గురించి కొంచెం ఆగాలి. మన భాషలో మగ ఉద్యోగికి నిజాయితీ ఉండాలంటారు, ఆడ ఉద్యోగికి శీలం ఉండాలంటారు. లంచం తిన్న మగవాడి 'శీలం' పోయిందని ఎవరూ అనరు. అందుకే ఉద్యోగుల నీతి మీద చట్టం అనగానే నాకు కొంత భయం కూడా ఉంది. సి.బి. ముత్తమ్మ కేసు జరిగింది 1979లో. విదేశాంగ సర్వీసులో ఆడ అధికారి పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నియమం అప్పటిదాకా ఉండేది. నీతిని కొలిచే అధికారం ఇస్తే పైవాడు కింద పనిచేసే ఆడదాని నీతినే ముందు కొలుస్తాడు. పరీక్ష రాసి వీఆర్ఏలుగా వచ్చిన అమ్మాయిలు కొందరు నాతో చెప్పారు, రాత్రి పూట ఇసుక లారీల కాపలాకి పంపటం దగ్గర్నుంచి వాళ్లు పడ్డవన్నీ. అభ్యంతరం చెప్పిన అమ్మాయికి వచ్చిన పేరేమిటో మీరు ఊహించగలరు. కాబట్టి 'సత్ప్రవర్తన' అని గాల్లో ఒక మాట రాసి వదిలే చట్టం మనకి వద్దు. ఏ పని నేరమో పేరు పెట్టి రాసిన చట్టం కావాలి.

పేరు పెట్టి రాయవలసిన నేరం ఒకటుంది. పని చేసిపెట్టటానికి డబ్బుకి బదులు శరీరం అడగటం. ఈ ప్రాంతంలోనే ఒక మండలంలో, పేరు చెప్పను, ముగ్గురు స్త్రీలు వేర్వేరుగా ఒకే మనిషి గురించి నాకు చెప్పారు. ఇంటికి రమ్మన్నాడు, తాండూరుకి రమ్మన్నాడు, ఫోను నంబరు అడిగాడు. ముగ్గురి పనీ ఆగింది. ఒకామె చెవి కమ్మలు కుదవబెట్టి డబ్బు తెచ్చి ఇచ్చి బయటపడింది. 'లంచం ఇచ్చి మానం కాపాడుకున్న' అని ఆమె చెప్పినప్పుడు, లంచం అనేది ఒక్కో ఆడమనిషికి ఊపిరి పీల్చుకునే సందు కూడా అవుతుందని నాకు అర్థమైంది. ఏ అవినీతి వ్యతిరేక ఉద్యమం ఈ సంగతి లెక్కలోకి తీసుకుంది?

చట్టంలో చోటు లేదా అంటే ఉంది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ప్రకారం, అనుచిత ప్రయోజనం అంటే డబ్బు ఒక్కటే కాదు, డబ్బుతో కొలవలేనిది కూడా. కాని 2018లో దాన్ని సవరించి లంచం ఇచ్చినవాళ్లని కూడా నేరస్తులని చేశారు. బలవంతంగా ఇవ్వవలసి వస్తే ఏడు రోజుల్లో పోలీసులకి చెప్పాలట. ఈ నియమాన్ని లొంగిపోవలసి వచ్చిన స్త్రీకి పెట్టి చూడండి. ఏడు రోజుల్లో ఠాణాకి వెళ్లి చెప్పకపోతే ఆమెనే ముద్దాయి అని వాదించే వకీలు దొరకడా? జమ్ము కాశ్మీర్‌లో ఆ సంవత్సరమే, అధికారాన్ని అడ్డం పెట్టుకుని లైంగిక లబ్ధి అడగటాన్ని వేరే నేరంగా రాశారు. 2019లో రాష్ట్రమే పోయాక ఆ చట్టమూ పోయింది. మన రాష్ట్రంలో వీఆర్వోల రద్దు చట్టంలోగాని, 2025 భూభారతి చట్టంలోగాని ఇట్లాంటి వాక్యం ఒక్కటి రాయటానికి ఎవరికీ తోచలేదు.

ఉద్యోగ సంఘాల మిత్రులు అంటారు: ఇప్పటికే అవమానించారు, ఇంకా మమ్మల్నే అనుమానిస్తారా, మా పాత సర్వీసు లెక్క తేల్చకుండా నిజాయితీ లెక్క అడుగుతారా అని. సర్వీసు విషయంలో వాళ్లతో పూర్తిగా ఏకీభవిస్తాను. గుంపుగా అవమానించారన్న మాటా నిజమే. కాని గుంపుగా వచ్చిన మచ్చ గుంపుగా పోదు. ఒక్కొక్కరి ఫైలు తెరిచి తేలిస్తేనే నిర్దోషులకి మచ్చ పోతుంది. అంటే ఈ డిమాండు సంఘాలు మనకంటే ముందు చెయ్యవలసింది. 2020 నాటికి పెండింగులో ఉన్న ప్రతి శాఖాపరమైన ఫిర్యాదు ఏమైందో, రద్దు వల్ల మూతపడిందా, విచారణ జరిగిందా, జిల్లాల వారీగా ప్రకటించమని ప్రభుత్వాన్ని అడగాలి. రుజువైన వాళ్లని గ్రామ పాలన అధికారిగా ఉంచకూడదు, రాజీనామా చేసి తిరిగి రావటానికీ వీల్లేదు. పోస్టింగు ఇచ్చిన ఆర్నెల్లకి ఆ ఊళ్లో ఆడవాళ్లతో విడిగా ఒక సభ పెట్టి, ఆ అధికారి లేకుండా మాట వినాలి.

ఇవన్నీ కొత్త నియమాలు కావాలి, టైం పడుతుంది అనేవాళ్లకి ఉన్న చట్టం ఒకటి చూపిస్తాను. 2013 నాటి పని స్థలాల్లో లైంగిక వేధింపుల చట్టం ఆఫీసులో జీతం తీసుకునే ఆడవాళ్లకే అని మనలో చాలామంది అనుకుంటాం. ఆ చట్టంలో బాధితురాలంటే 'ఉద్యోగంలో ఉన్నా లేకున్నా, ఏ వయసు స్త్రీ అయినా' అని ఉంది. కాగితం కోసం ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్లిన ఆమె కూడా ఫిర్యాదు చెయ్యవచ్చు. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల గురించి జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ వినాలి. ఆ కమిటీకి ఫిర్యాదు అందజెయ్యటానికి గ్రామీణ ప్రాంతాల్లో ప్రతి తాలూకాకీ, తహసీలుకీ ఒక నోడల్ అధికారిని నియమించి తీరాలి, అందిన ఫిర్యాదుని ఏడు రోజుల్లో కమిటీకి పంపాలి. ఫిర్యాదు చెయ్యటానికి గడువు మూడు నెలలు.

కోట్‌పల్లి ప్రాజెక్టు దగ్గర ఆదివారం పడవలు నడపటానికి హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లకి దారి చూపించే బోర్డులు చాలా ఉన్నాయి. నేను ఈ జిల్లాలో అడిగిన ఊళ్లలో నోడల్ అధికారి పేరు చెప్పగలిగిన ఆడమనిషి ఒక్కరూ కనపడలేదు. ఈ మూడు నెలల్లో మన సంఘం సభ్యులు ప్రతి మండలంలోనూ సమాచార హక్కు కింద ఒకే ఒక ప్రశ్న వెయ్యాలని నా ప్రతిపాదన: ఈ మండలానికి నోడల్ అధికారి ఎవరు, ఏ తేదీన నియమించారు, ఆ పేరు, ఫోను నంబరు ఎమ్మార్వో ఆఫీసు గోడ మీద ఎక్కడ రాశారు? మండల స్థాయిలో దరఖాస్తుకి అయిదు రూపాయల ఫీజు, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి అదీ లేదు. జవాబుకి ముప్ఫై రోజులు. వచ్చిన జవాబులు, రాని జవాబులు రెండూ వచ్చే సంచికకి పంపండి.